సైకిల్ కొత్తదా, సెకండ్ హ్యాండా? డబ్బులు చేతిలో పెట్టే ముందు చూసుకోవాల్సినవి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో సైకిల్ ఇంకా ఎంతోమందికి బతుకుదెరువు బండే. రైస్ మిల్లు డ్యూటీకి పోయే కార్మికులు, గల్లీ గల్లీ తిరిగి పండ్లు, బట్టలు అమ్ముకునేవారు, పాత సామాను కొనేవారు, బడికి పోయే పిల్లలు రోజూ దాని మీదే ఆధారపడతారు. జూన్‌లో బడులు తెరిచే సమయానికి చాలా ఇళ్లలో ఒకటే ప్రశ్న వస్తుంది. కొత్తది కొందామంటే డబ్బులు చాలవు, పాతది కొందామంటే మోసపోతామేమోనని భయం.

రెండింటిలో ఏదైనా మంచి బేరం కావచ్చు, ఏదైనా నష్టం కావచ్చు. అమ్మేవారు చెప్పే ధర ఒక్కటే సైకిల్ ధర కాదు. దాన్ని రోడ్డు మీద భయం లేకుండా నడిపించడానికి పెట్టాల్సిన ఖర్చు కూడా కలపాలి. ఆ బండి నిజంగా అమ్మేవారిదేనా అన్నది తేల్చుకోవాలి. ఈ రెండూ చూడకుండా చేసిన బేరంలో వెయ్యి రూపాయలు తగ్గినా అది లాభం కాదు.

ముందు అవసరం, తర్వాత మోడల్

ఎవరు తొక్కుతారు, రోజుకు ఎంత దూరం, ఎంత బరువు వేస్తారు అన్న మూడు విషయాలు ఇంట్లోనే తేల్చుకుని షాపుకు పోవాలి.

బరువు మోసే పనికి నల్ల పెద్ద సైకిలే సరైనది. ఫ్రేము గట్టిది, క్యారియర్ బలమైనది, దాని సామాను చిన్న ఊరి మెకానిక్ దగ్గర కూడా దొరుకుతుంది. లావు టైర్లు, షాకప్స్, గేర్లు ఉన్న సైకిల్ చూడటానికి బాగుంటుంది. కానీ గేర్లు సెట్ చేయడం, డిస్క్ బ్రేకు సరిచేయడం అందరు మెకానిక్‌లకూ రాదు. కొనే ముందు మీ గల్లీ మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: "భాయ్, ఈ మోడల్ సామాను ఇక్కడ దొరుకుతదా?" దొరకదంటే ప్రతి చిన్న రిపేరుకూ హైదరాబాద్‌కో విజయవాడకో చూడాల్సి వస్తుంది.

పిల్లల విషయంలో చాలామంది చేసే పొరపాటు "పెరుగుతాడు కదా" అని పెద్ద సైజు కొనడం. సీటు ముందు నిలబడితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, పై గొట్టం తగలకూడదు. బ్రేకు పిడి వేళ్లకు అందాలి. సుమారుగా 7 నుంచి 9 ఏళ్ల వారికి 20 అంగుళాల చక్రం, 10 నుంచి 12 ఏళ్ల వారికి 24 అంగుళాలు, ఆ పైన 26 అంగుళాలు సరిపోతాయి. వయసు కన్నా ఎత్తు ముఖ్యం కాబట్టి పిల్లలను షాపుకు తీసుకుపోయి, ఎక్కించి చూడాలి.

ఆడపిల్లలకు, బురఖా లేదా పొడుగు దుపట్టా వేసుకునేవారికి పై గొట్టం కిందికి వంగి ఉన్న లేడీస్ సైకిల్ తీసుకోవాలి. చైన్ మొత్తం మూసి ఉండే కవర్, వెనక చక్రానికి ఇరువైపులా జాలీ తప్పనిసరి. సెకండ్ హ్యాండ్ సైకిళ్లలో తరచూ ఊడిపోయి ఉండేవి ఇవే. బట్ట చైన్‌లోనో చక్రంలోనో పడితే పిల్ల నడిరోడ్డు మీద పడిపోతుంది. ఈ రెండూ లేకుంటే వేయించడానికి ఎంతవుతుందో ధరలో కలుపుకోవాలి.

కొత్తది కొనేటప్పుడు

మన దగ్గర కనిపించే పాత కంపెనీల్లో హెర్క్యులస్, బీఎస్ఏ సైకిళ్లు 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్‌వి. హీరో సైకిల్స్ 1956లో లుధియానాలో మొదలైంది. ఒకప్పుడు ఇంటింటా ఉన్న అట్లాస్ 1951లో హర్యానాలోని సోనీపత్‌లో పుట్టింది. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న పని ఆపేసింది. అది ప్రపంచ సైకిల్ దినం కూడా. పాత అట్లాస్ నల్ల సైకిల్ దొరికితే భయపడాల్సిన పని లేదు. ఆ రకం సైకిళ్లలో టైర్లు, చైన్లు, బ్రేకు రబ్బర్లు వంటి సామాను ఏ కంపెనీదైనా దాదాపు ఒకే కొలత.

కొత్త సైకిల్ డబ్బాలో విడిభాగాలుగా వస్తుంది, షాపులో బిగిస్తారు. అందుకే కొత్తదైనా బిగింపు చూసుకోవాలి. హ్యాండిల్‌ను గట్టిగా పట్టి ముందు చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించి తిప్పండి, కదలకూడదు. చక్రాలు ఎత్తి తిప్పితే బ్రేకు రబ్బరుకు ఒకవైపు రాసుకోకూడదు. మొదటి రెండు మూడు వారాల్లో నట్లు, పుల్లలు కొంచెం వదులవడం మామూలే. మొదటి సర్వీసు ఫ్రీగా చేస్తారా అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి.

ధర అడిగేటప్పుడు "స్టాండు, క్యారియర్, బెల్లు, తాళం, మడ్‌గార్డులు అన్నీ కలిపి ఎంత?" అని అడగాలి. తక్కువ ధర చెప్పి, ఒక్కొక్కటీ విడిగా కలుపుతూ పోవడం పాత పద్ధతి. రెండు షాపుల ధరలు పోల్చేటప్పుడు అవే వస్తువులు రెండింట్లోనూ ఉన్నాయా చూడాలి. ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాల్సిందే. సూర్యాపేట, కోదాడ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదున్న ఊర్లు. చీకటి పడ్డాక ఆ రోడ్డు దాటే సైకిల్ లారీ డ్రైవరుకు కనిపించాలి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ధర తగ్గవచ్చు. కానీ బండి సగం బిగించి వస్తుంది, మిగతాది మనమే చేసుకోవాలి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. ఈ సంగతి తెలియక బలవంతంగా తిప్పితే మర పాడై, క్రాంకే మార్చాల్సి వస్తుంది. ముందు ఫోర్కును వెనక్కి తిప్పి బిగించేవారూ ఉన్నారు. బిగింపు కూలి మెకానిక్‌ను ముందే అడిగి ధరలో కలపాలి.

పన్ను, బిల్లు

సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 5,000 రూపాయలున్న సైకిల్ ముందు 5,600 అయ్యేది, ఇప్పుడు 5,250 కావాలి. అంటే 350 రూపాయల తేడా. "ఇది పాత స్టాకు, పాత పన్నే" అంటే ఒప్పుకోవద్దు. పన్ను అమ్మిన రోజు ప్రకారం పడుతుంది.

కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న షాపులు "బిల్ ఆఫ్ సప్లై" ఇస్తాయి. అది చెల్లే బిల్లే. కానీ ఆ షాపు కొనేవారి దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. ఏ బిల్లయినా షాపు పేరు, తేదీ, మోడల్, ఫ్రేము నంబరు ఉండాలి. ఫ్రేము నంబరు తరచూ పెడల్ ఇరుసు కింద లేదా సీటు గొట్టం దగ్గర చెక్కి ఉంటుంది. షాపులోనే సైకిల్‌ను తలకిందులు చేసి, బిల్లు మీది నంబరుతో సరిచూసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మోటారు బండికి ఉన్నట్టు సైకిల్‌కు ఆర్సీ ఉండదు. ఆ బిల్లూ ఆ ఫొటోలే మీ ఆర్సీ.

వాయిదాల్లో కొంటే

"వడ్డీ లేదు" అని చెప్పే వాయిదాల్లోనూ లెక్క చూడాలి. ఉదాహరణకు 12,000 రూపాయల గేర్ సైకిల్, ఆరు నెలలు, నెలకు 2,000. పైన ప్రాసెసింగ్ ఫీజు 500. అదే సైకిల్ నగదుకు 11,200కే ఇస్తారనుకుందాం. అప్పుడు వాయిదాల్లో కట్టేది 12,500, నగదు మీద 1,300 ఎక్కువ. ఒక్క వాయిదా తప్పితే జరిమానా వేరు. వడ్డీ విషయంలో జాగ్రత్తగా ఉండే కుటుంబాలు ఫైనాన్స్ కాగితం మీద సంతకం పెట్టే ముందు అందులో వడ్డీ, లేట్ ఫీజు ఏమున్నాయో చదివించుకుని, తాము నమ్మే ఆలిమ్‌ను అడగడం మంచిది. షాపు ఓనరే ధర ముందే ఖరారు చేసి, ఏమీ పెంచకుండా రెండు మూడు నెలల్లో తీసుకుంటానంటే ఆ మాటను కాగితం మీద పెట్టుకోవాలి. అప్పు వ్యవహారాలు రాసుకోవాలని సూరా బఖరా 282వ ఆయత్ చెప్పేది ఇలాంటి వాటికే.

సెకండ్ హ్యాండ్ ఎక్కడ కొనాలి

అన్నిటికన్నా నమ్మకమైనది తెలిసిన ఇల్లు. పిల్లల సైకిళ్లు సైజు చాలక రెండేళ్లకే పక్కన పడతాయి. వాటిని అసలు ఓనర్ దగ్గర, బిల్లు చూసి కొంటే మంచి బేరం. 20, 24 అంగుళాల సైకిళ్ల విషయంలో సెకండ్ హ్యాండ్ కొనడమే తెలివైన పని.

రెండోది ఏళ్ల తరబడి ఒకే చోట ఉన్న మెకానిక్ షాపు. ఓవరాయిలింగ్ చేసి అమ్ముతాడు, రేపు సమస్య వస్తే అక్కడే ఉంటాడు. మూడోది వాట్సాప్ గ్రూపులు, ఓఎల్ఎక్స్ వంటివి. చివరిది రోడ్డు పక్కన "అర్జెంటుగా డబ్బులు కావాలి" అని అమ్మేవారు. వీరి దగ్గర కొనకపోవడమే మంచిది.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్‌లలో చవకగా దొరుకుతాయని కొందరు పోతారు. అక్కడ అమ్మినవారు వారం తర్వాత కనిపిస్తారన్న భరోసా లేదు. పోయిరావడానికి బస్సు చార్జీ, సైకిల్‌ను తేవడానికి కార్గో ఖర్చు, పోయిన ఒక రోజు కూలి కలిపితే మిగిలేది కొంచెమే.

పది నిమిషాల తనిఖీ

వడ్ల కొనుగోలు కేంద్రంలో రాశి పైపైన చూసి తూకం వేయరు, తేమ చూస్తారు. సైకిల్‌నూ అలాగే లోపలికి చూడాలి. పగటి వెలుతురులో, పొడిగా ఉన్నప్పుడు చూడండి.

ఫ్రేము: గొట్టాలు కలిసే ప్రతి జాయింటును తడిమి చూడాలి. హ్యాండిల్ కింద, పెడల్ ఇరుసు దగ్గర పగుళ్లు, వెల్డింగ్ గుర్తులు ఉంటే ఆ సైకిల్ వద్దు. ఒక్క చోట మాత్రమే కొత్త పెయింటు ఉంటే దాని కింద ఏముందో అనుమానించాలి. వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండాలి.

ఫోర్కు: పక్క నుంచి చూస్తే ముందు చక్రం ఫ్రేము వైపు వెనక్కి నెట్టినట్టు ఉంటే ఆ బండి దేనికో గుద్దుకుందన్నమాట.

చక్రాలు: ఎత్తి తిప్పండి. కొద్దిగా వంకర ఉంటే మెకానిక్ బెండు తీస్తాడు. రిమ్ము తుప్పుతో పొట్టు రాలుతుంటే మార్చాల్సిందే. పుల్లలను వేలితో మీటితే అన్నీ దాదాపు ఒకేలా మోగాలి. వదులుగా ఉన్నవి, లేనివి లెక్కపెట్టండి.

టైర్లు: మన ఎండలకు రబ్బరు పక్కల నుంచి చీలుతుంది. గాలి నింపి, పక్క గోడల మీద సన్నటి పగుళ్లు చూడాలి. పైన అరగకపోయినా పక్కలు చీలితే టైరు అయిపోయినట్టే.

చైన్, పళ్లు: ముందు పళ్లచక్రం మీద చైన్‌ను వేళ్లతో బయటికి లాగండి. పన్ను సగానికి పైగా కనిపిస్తే చైన్ సాగింది. పళ్లు కత్తి మొనల్లా ఒకవైపు వంగి ఉంటే చైన్, పళ్లచక్రం, ఫ్రీవీల్ మూడూ మార్చాలి.

క్రాంకు: రెండు పెడళ్ల చేతులనూ పట్టి పక్కకు ఊపండి. టకటకమంటే లోపల కప్పులు, గుండ్లు అరిగాయి.

సీటు రాడ్డు: బోల్టు వదులు చేసి పైకి కిందికి జరపండి. తుప్పు పట్టి ఇరుక్కుంటే సీటు ఎత్తు మార్చలేరు. పెరిగే పిల్లలకు అది పనికిరాదు.

తొక్కి చూడటం: కనీసం పది నిమిషాలు తొక్కాలి. బరువు మోసే పనికైతే క్యారియర్ మీద ఒకరిని కూర్చోబెట్టుకుని తొక్కాలి. హ్యాండిల్ ఒకవైపు లాగుతుందా, గట్టిగా తొక్కితే పెడల్ జారుతుందా, రెండు బ్రేకులూ వేర్వేరుగా పడుతున్నాయా చూడాలి. తొక్కనివ్వని వారి దగ్గర కొనకండి.

కరెంటు సైకిల్ అయితే బ్యాటరీయే అసలు ఖర్చు. పూర్తి చార్జింగ్ పెట్టించి, మీరు రోజూ పోయే దూరం నడిపి చూడకుండా ధర మాట్లాడవద్దు.

ధర ఎంత ఇవ్వాలి

మోటుగా ఒక లెక్క పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ ధర, రిపేరు ఖర్చు రెండూ కలిపి అలాంటి కొత్త సైకిల్ ధరలో 60 శాతం దాటకూడదు.

ఉదాహరణకు కొత్తది 5,250. అందులో 60 శాతం 3,150. చూసిన పాత సైకిల్‌కు టైర్లు, ట్యూబులు 900, చైన్, ఫ్రీవీల్ 350, బ్రేకు రబ్బర్లు 100, ఓవరాయిలింగ్ 400 అవుతాయని మెకానిక్ చెప్పాడనుకుందాం. మొత్తం 1,750. 3,150లోంచి 1,750 తీసేస్తే 1,400. మీరు ఇవ్వాల్సింది అంతవరకే. అమ్మేవారు 2,500 అడిగితే ఆ బండి మీకు పడేది 4,250. ఇంకో వెయ్యి వేస్తే బిల్లుతో, వారంటీతో కొత్తదే వస్తుంది. ఈ అంకెలు లెక్క చూపడానికే. మీ ఊళ్లో రేట్లు మెకానిక్‌ను అడిగి వేసుకోండి. అతనికి యాభయ్యో వందో ఇచ్చి చూపించుకోవడం దండగ ఖర్చు కాదు.

దొంగ సొత్తు కొంటే

సరుకు మీద తనకు లేని హక్కును అమ్మేవాడు ఇంకొకరికి ఇవ్వలేడన్నది 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షన్‌లోని సూత్రం. దొంగిలించిన సైకిల్‌ను మీరు పూర్తి డబ్బులిచ్చి కొన్నా అది మీది కాదు. పోలీసులు పట్టుకుంటే బండి అసలు ఓనరుకు పోతుంది, డబ్బుల కోసం మీరు అమ్మినవాడి వెంట తిరగాలి. దొంగదని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

అనుమానించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఫ్రేము నంబరు గీకేసి ఉండటం, తాళం పగలగొట్టినట్టుండటం, మంచి సైకిల్‌ను సగం కన్నా తక్కువకు ఇస్తాననడం, ఇంటి దగ్గర కాకుండా బస్టాండ్ దగ్గరే కలుద్దామనడం. సర్కారు పథకం పేరు, ముద్ర ఉన్న సైకిళ్లనూ వదిలేయాలి. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడ ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూల్ ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. చదువుకునే పిల్లకని ఇచ్చిన బండి బజారుకు ఎలా వచ్చిందో అడగకుండా కొనకూడదు.

అమ్మేవారి దగ్గర బిల్లు పోయిందంటే వారి ఇంటి దగ్గరే చూసి, గుర్తింపు కార్డు చూసి, రసీదు రాయించుకోవాలి. వెనకాడితే అక్కడితో ఆపేయాలి.

ఫోన్‌లో జరిగే మోసాలు

ఆర్మీలో పనిచేస్తున్నానని, ట్రాన్స్‌ఫర్ అయిందని, అందుకే చవకగా అమ్ముతున్నానని యూనిఫాం ఫొటో పంపి అడ్వాన్స్ అడగడం దేశమంతా నడుస్తున్న మోసం. బండిని కళ్లతో చూడకుండా, తొక్కకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దు. మీరు సైకిల్ అమ్ముతున్నప్పుడు మోసం ఇంకో తీరుగా వస్తుంది. "డబ్బులు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అంటారు. డబ్బులు రావడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం అవసరం లేదు. పిన్ కొడితే డబ్బులు పోతాయి. పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

అమ్మేవారి బాధ్యత

మన ఇళ్లలో కొనేవారూ మనమే, అమ్మేవారూ మనమే. మదీనా బజారులో ధాన్యం రాశిలో ప్రవక్త ముహమ్మద్ (స) చేయి పెడితే అడుగున తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. జనానికి కనిపించేలా తడిసినదాన్ని పైన పెట్టలేదేమని ఆయన ఆ వ్యాపారిని అడిగారు, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. పగిలిన జాయింటు మీద పెయింటు వేయడం, చీలిన టైరుకు నల్లరంగు పూయడం ఆ తడిని కప్పడమే. కొనే ఉద్దేశం లేని దోస్తును తెచ్చి "నేను ఇంకో మూడొందలు ఎక్కువిస్తా" అనిపించడం కూడా హదీసులు నిషేధించిన పనే. అమ్మిననాటికే ఉన్న, దాచిపెట్టిన లోపం తర్వాత బయటపడితే సరుకు తిరిగిచ్చే హక్కును ఫిఖ్‌లో ఖియారుల్ ఐబ్ అంటారు. అందుకే లోపాలు ముందే చెప్పి, రసీదులో రాసి అమ్మితే ఇద్దరికీ గొడవ ఉండదు.

మోసపోతే

షాపులో కొన్నదైతే ముందు రాతపూర్వకంగా షాపుకు చెప్పండి, వాట్సాప్ మెసేజ్ అయినా సరే. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా అంత దూరం పోనక్కర లేదు. సరుకు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. పాత సైకిళ్లు అమ్మే షాపు కూడా వ్యాపారే. కానీ ఇంటి సైకిల్ అమ్ముకున్న మామూలు మనిషి మీద ఈ దారి పనిచేయడం కష్టం. అక్కడ మీ చేతిలో ఉండాల్సింది రసీదు.

రసీదు నమూనా

తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, చెరొక కాపీ ఉంచుకోవాలి.

"నేను ........, తండ్రి/భర్త పేరు ........, నివాసం ........, ఫోన్ ......... ........ కంపెనీ ........ రంగు సైకిల్, ఫ్రేము నంబరు ........, ఈ రోజు తేదీ ........ న ........ గారికి ........ రూపాయలకు అమ్మి, డబ్బులు పూర్తిగా తీసుకున్నాను. ఈ సైకిల్ నా సొంతం. దీని మీద ఎవరికీ హక్కు లేదు. ఉన్న లోపాలు: ......... సైకిల్ దొంగదని తేలితే తీసుకున్న డబ్బులు పూర్తిగా తిరిగి ఇస్తాను. అమ్మినవారి సంతకం, కొన్నవారి సంతకం, సాక్షుల సంతకాలు."

డబ్బులు యూపీఐలో ఇస్తే ఆ స్క్రీన్‌షాట్ కూడా దాచుకోండి. అమ్మినవారి గుర్తింపు కార్డు కాపీ తీసుకుంటే దాని మీద "సైకిల్ అమ్మకం కోసం మాత్రమే" అని తేదీతో రాయాలి. దాన్ని వేరే గ్రూపుల్లో పెట్టకూడదు, అది అమానత్.